బొమ్మకార్డుల పోటీలు: మానిపింతుమా, మంచిదారిని బెట్టుదుమా?

మన యాత్మకూరు బస్సు నిలయమునకు కొలది దూరమున నొక చిన్న యంగడి కలదు. అందు నోటు పుస్తకములు, కలములు, రంగుపెన్సిళ్లు, క్రికెట్టు బంతులు, పుట్టినదినపు బుడగలు మున్నగునవి యమ్ముదురు. గడచిన రెండు సంవత్సరములుగా శనివారము సాయంకాలమున నా యంగడి యరుగుపై బాలురు గుమిగూడుట మీలో ననేకులు చూచియే యుందురు. వారు పుస్తకములకై వచ్చినవారు కారు. పది రూపాయలకు దొరకు చిన్న పొట్లములలోని బొమ్మకార్డులకై వచ్చినవారు. పొట్లము చించుట, లోపలి కార్డులను విసనకఱ్ఱవలె విప్పి చూచుట, కోరినది దొరకినయెడల కేకవేయుట, దొరకనియెడల జేబు తడవుకొనుట—ఇది యచ్చట నిత్యకృత్యము.

గడచిన దసరా సెలవులకు ముందు ఆ యంగడి సేటుగారు మన పాఠశాలకు వచ్చి, ప్రకటన పలకపై నొక కాగితమును అంటించుటకు సెలవు వేడిరి. తమ యంగడిలో కార్డుల పోటీ జరుగుననియు, ప్రవేశ రుసుము ఏబది రూపాయలనియు, ప్రథముడుగా వచ్చినవానికి పొట్లముల పెట్టె మొత్తము దక్కుననియు నందు వ్రాసియుండెను. ఈ కాగితము ఉపాధ్యాయుల గదిలో పెద్ద చర్చను లేవదీసెను. "పాఠశాల గోడపై పేకాట ప్రకటనయా?" యని కొందఱు, "పిల్లల యాటలోనికి మనమేల పోవలె" నని కొందఱు. ఆ చర్చలో నేను చెప్పిన మాటలు అందఱికిని నచ్చలేదు. కావున వానిని విద్యార్థుల యెదుటను, తలిదండ్రుల యెదుటను, తోడి యుపాధ్యాయుల యెదుటను సావకాశముగా మరల నుంచుచున్నాను.

ముందుగా నా తప్పు నొకదానిని చెప్పికొనుట న్యాయము. రెండేండ్ల క్రిందట నేడవ తరగతిలో గణిత పాఠము జరుగుచుండగా, బల్లక్రింద కార్డులు లెక్కించుచున్న బాలుని పట్టుకొని, ఆ కట్టను లాగికొని బీరువాలో పడవైచితిని. సంవత్సరాంతమున తిరిగి యిచ్చెదనంటిని. ఆ మాట మఱచితిని. బీరువా శుభ్రపఱచిన దినమున నది చెత్తతో గూడ పోయినది. బాలుడు వచ్చి యడిగినపుడు నాయొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను. "పోనీ సార్" అని యతడు వెడలిపోయెను. కాని యా కట్టకు చుట్టియున్న యొక కాగితము మాత్రము నా పుస్తకములో మిగిలియుండెను. దానిని తరువాత విప్పి చూచితిని. అందు ఏయే జాతి కార్డులు ఎన్నియున్నవో, మొత్తము అఱువదికి ఎన్ని తక్కువో, దేనిని తీసి దేనిని చేర్చినచో మేలో, గీతలు గీచి, కూడికలు తీసివేతలు చేసి, చక్కని పట్టికగా వ్రాసియుండెను. భిన్నములలో నేను వానికి నూటికి ఇరువది రెండు మార్కులు వేసియుంటిని! పాఠములో కనబడని బుద్ధి ఆటలో కనబడినపుడు, ఆ యాటను చించి పాఱవేయుట యుపాధ్యాయ ధర్మము కాదని నాకు నాడు తోచెను. శిక్షణ కళాశాలలో బాలుని యభిరుచినుండి పాఠమునకు దారి వేయుమని మాకు బోధించిరి. ఆ బోధను నేను పరీక్షలో వ్రాసితిని గాని, బీరువా తెఱచినపుడు జ్ఞప్తికి దెచ్చుకొనలేదు.

ఈ యాట యెచ్చటినుండి వచ్చినదో యెఱుగనిదే తీర్పు చెప్పుట తగదు. బొమ్మకార్డులు మనకు క్రొత్త కావు. మా చిన్ననాట అగ్గిపెట్టెలమీది బొమ్మల యట్టలను కూర్చి, గీతలో నుంచి, రాతి బిళ్లతో కొట్టి గెలుచుకొనెడివారము. తరువాత కుస్తీవీరుల కార్డులును, క్రికెట్టు ఆటగాండ్ర కార్డులును వచ్చెను. ఇంకను వెనుకకు బోయినచో, గంజీఫా యను గుండ్రని చిత్రపు కార్డులు మన దేశమున నాలుగైదు వందల యేండ్లనుండి యున్నవి. 1527లో బాబరు సింధుదేశపు ప్రభువునకు గంజీఫా కార్డులను బంపినట్లు తన చరిత్రలో వ్రాసికొనెను. మొగలాయి గంజీఫాలో ఎనిమిది జాతులు, 96 కార్డులు. దశావతార గంజీఫాలో పది జాతులు, 120 కార్డులు. మన తెలంగాణములో నిర్మలకు చెందిన చిత్రకారులును వీనిని వ్రాసెడివారు. కార్డు చేతబట్టినంత మాత్రమున జూదరి యగునను మాట దీనితోనే తేలిపోవుచున్నది.

నేటి మార్పిడి కార్డుల యాటను 1993లో అమెరికాలో రిచర్డ్ గార్‌ఫీల్డ్ అను గణిత పండితుడు కల్పించెను. అతడు కళాశాలలో గణితము బోధించినవాడు. ఆ యాట పేరు మ్యాజిక్: ది గ్యాదరింగ్. దాని క్రొత్తదనమేమనగా, ఇద్దఱు ఆటగాండ్రును ఒకే కట్టతో నాడరు; ఎవని కట్టను వాడే తన కార్డులనుండి ఎంచి కూర్చుకొనును. ఆట సగము ఇంట కూర్చుండి యోచించుటలోనే జరుగును. 1996లో జపానులో పోకెమాన్ కార్డుల యాట పుట్టెను. 1999లో నది యింగ్లీషు భాషలో వెలువడెను. ఆ సంవత్సరమే అమెరికాలో ననేక పాఠశాలలు, నేడు మన యుపాధ్యాయుల గదిలో వినబడిన కారణములతోనే, ఆ కార్డులను తమ యావరణములో నిషేధించెను. నిషేధముచేత నాట చావలేదు; పాఠశాల గోడ దాటి యంగడులలోనికి బోయెను.

ఇచ్చట నొక విశేషము చెప్పవలయును. మ్యాజిక్ ఆట మొదటి నియమావళిలో పందెము గూడ నుండెను. ఆట మొదలు పెట్టునపుడు ఒక్కొక్కడు తన కట్టనుండి యొక కార్డును తీసి ప్రక్కనుంచును. గెలిచినవానికి రెండును దక్కును. కొలది యేండ్లకే ఆ యాటను నిర్వహించువారే ఆ నియమమును విడిచిరి. పందెము లేకున్నను ఆట చెడలేదు, బాగుపడెను. అయినను మన బస్సు నిలయపు టరుగుపై నేటికిని బాలురు "ఓడినోడి కార్డు గెలిచినోడికి" అనియే యాడుచున్నారు. కల్పించినవారు విడిచినదానిని మనవారు పట్టుకొనియున్నారు. చెప్పువారు లేకపోవుటయే దీనికి కారణము.

ఇక నాక్షేపణలకు వత్తము.

మొదటిది: "ఇది పేకాటయే." సంఘపు పెద్దలును, తల్లులును ఈ మాట యనుటకు తగిన కారణము కలదు. పేకాటచేత గొఱ్ఱెలు, పొలములు, పెండ్లాము మెడలోని పుస్తె యమ్ముకొనినవారిని మన పల్లెలలో చూచినవారే వారందఱును. వారి భయమును నేను పరిహసింపను. కాని పేకాటను పేకాటగా చేయునది కాగితమా, పందెమా? సికింద్రాబాదులోని యొక క్లబ్బు వ్యవహారములో 1967లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, రమ్మీ ప్రధానముగా నేర్పుతో గూడిన యాటయేగాని కేవలము అదృష్టముపై నాధారపడినది కాదనెను. అయినను 2017లో తెలంగాణ ప్రభుత్వము తన జూద నిరోధక చట్టమును సవరించి, అంతర్జాలములో ధనము పణముగా నొడ్డి యాడు రమ్మీకి అడ్డుకట్ట వేసెను. 2025లో పార్లమెంటు సైతము అంతర్జాలములోని ధనపు టాటలను దేశమంతట నిషేధించెను. ఈ మూడింటిని కలిపి చదివినచో మనకు దోచునదేమి? ఆటలో నేర్పుండవచ్చును, అయినను ధనము ముందు బెట్టిన క్షణమున ఆ నేర్పు సంసారమును కాపాడజాలదు. కావున మనము వేయవలసిన గీత కార్డులకును కార్డులు లేమికిని నడుమ కాదు. పందెమునకును పందెము లేమికిని నడుమ. సేటుగారి కాగితములోని ఏబది రూపాయల రుసుమును, గెలిచినవాని కన్నియు దక్కుటయు నా గీతకు ఆవలి వైపున నున్నవి. ఆ రెండింటిని నేనును కాదంటిని.

రెండవది: "ధనము వ్యర్థము." ఈ యాక్షేపణ మొదటిదానికంటె బలమైనది. దీనికి సమాధానము చెప్పుటకు ముందు దీనిని ఇంకను బలపఱుపవలసియున్నది. మూసిన పొట్లము కొనుటలోనే లాటరీ వాసన కలదు. ఒక బాలుడు కోరిన కార్డు సగటున పది పొట్లములకు ఒకదానిలో నుండునని యనుకొందము. పది పొట్లములు కొన్నచో తప్పక దొరకునని వాడు లెక్కించును. అది తప్పు లెక్క. ఒక్కొక్క పొట్లములో దొరకకపోవుటకు అవకాశము పదింట తొమ్మిది. పదిసార్లును దొరకకపోవుటకు తొమ్మిదింట పదవ వంతును పదిసార్లు హెచ్చింపవలె. అనగా నూటికి దాదాపు ముప్పదియైదు. నూఱుమంది బాలురు నూఱేసి రూపాయలు వెచ్చించినచో ముప్పదియైదుగురు వట్టి చేతులతో నింటికి బోవుదురు. ఇరువది పొట్లములు కొన్నను నూటికి పన్నిద్దఱకు నిరాశయే. విద్యార్థులారా, మీ పొట్లముల లెక్కను మీ గణిత పుస్తకపు వెనుకపుటలో నొకసారి వేసికొని చూడుడు.

అంతేకాదు. మన యూళ్లలో దొరకు పది రూపాయల పొట్లములలోని బంగారు వన్నె కార్డులు చాల భాగము నకిలీవి. వానిమీది యక్షరములు తప్పులు. అంకెలు పెద్దవి, అర్థము సున్న. నియమబద్ధమైన పోటీలో వానిని రానీయరు. దేనిని గొప్పదని దాచుకొనుచున్నారో దానిచేత ఆడుటకే వీలులేదన్నమాట! మన పాలమూరు సీమలో పనులకై బొంబాయి, పూనా, హైదరాబాదులకు వలసబోయిన తలిదండ్రులు హాస్టలు పిల్లలకు పంపు నూఱు రూపాయలు ఎంత చెమటతో పుట్టినవో మనమందఱ మెఱుగుదుము. ఆ నూఱు రూపాయలు మెఱుపు కాగితమునకు మాఱిపోవుట నాకును కడుపుకోత.

అయితే నిషేధించినంతనే యీ ఖర్చు ఆగునా? నా యనుభవములో నాగలేదు. పొట్లములు కొనుట ఆట తెలియనివానికే యెక్కువ. ఆట తెలిసిన బాలుడు మెఱుపు కార్డుకంటె తన కట్టకు పొసగు సాదా కార్డునే వెదకును. దానిని తోటివానితో మార్చుకొనును. అఱువది కార్డుల కట్టలో ఒక కార్డును నాలుగు ప్రతులకంటె నెక్కువగా నుంచరాదని ఆ యాటల నియమము. నాలుగుంచినచో, మొదట చేత వచ్చు ఏడు కార్డులలో నొకటియైన కనబడుటకు అవకాశము నూటికి నలుబది. ఈ సంగతి తెలిసినవాడు అదృష్టమును నమ్మి పొట్లము చించడు. కట్టను లెక్కతో కూర్చును. కావున ఆశను అణచుటకు మందు అజ్ఞానము కాదు. ఆట యొక్క పూర్ణజ్ఞానమే.

మూడవది: "చదువునకు భంగము." ఇది కాలనియమమున తీఱు సంగతి. చిర్రగోనె ఆడినను, కబడ్డీ ఆడినను సంధ్యదాటినచో చదువు చెడును. ఈ యాటలో నొక లాభము గూడ కలదు. ఇంగ్లీషు వాచకములో మూడు పంక్తులు చదువలేని బాలుడు, తన కార్డుపై నున్న యింగ్లీషు వాక్యమును నిఘంటువు తెఱచి విడదీసికొనుట నేను కన్నులార చూచితిని. "మే" యనగా చేయవచ్చును, "మస్ట్" అనగా చేసియే తీరవలయును—ఈ భేదమును నేను మూడు సంవత్సరములు బోధించితిని. ఒక్క యోటమి దానిని వానికి నేర్పెను.

ఈ వాదములు విని మన ప్రధానోపాధ్యాయులవారు ఒక్క పోటీని పరీక్షార్థము జరుపుటకు సమ్మతించిరి. పాఠశాలలోనా, అంగడిలోనా యను ప్రశ్న వచ్చెను. నేను అంగడిలోనే యంటిని. ఏలయన, పిల్లలు పోవు తావు అదియే. పెద్దల కన్ను పడవలసినదియు నచ్చటనే. ఇంకొక కారణము గూడ కలదు. పాఠశాల గుమ్మము మన పిల్లలకే తెఱచియుండును. అంగడి గుమ్మము చదువు మానినవారికిని తెఱచియుండును.

సేటుగారితో మాటాడితిమి. ఆయన శత్రువు కాడు; నలుగురు పిల్లల తండ్రి; అంగడియే ఆయనకు పొలము. పాశ్చాత్య దేశములలో నిట్టి యంగడులవారు బల్లలు వేసి, వారమున కొకనాడు పోటీలు జరిపి, వచ్చినవారికి సామాను అమ్ముకొని బ్రతుకుదురు. అమ్మకమును ఆటయు నొకే చేతిలో నున్నపుడు ఆటను అమ్మకమువైపు వంచుట సహజము. కావున బల్లలు సేటుగారివి, నియమములు ఉపాధ్యాయులవి యని విభజించుకొంటిమి. ప్రవేశ రుసుము లేదు. పోటీ జరుగు వేళలలో పొట్లముల యమ్మకము లేదు. బహుమతులు పుస్తకములు, కలములు మాత్రమే. కార్డుల పందెము బొత్తిగా లేదు. చిన్న తరగతులవారితో పెద్ద తరగతులవారు మార్పిడి చేయరాదు. సేటుగారు కొంత గొణిగి, "పిల్లలు మంచిగుంటే నా అంగడి కూడా మంచిగుంటది సార్" అని యొప్పుకొనిరి.

తరువాత కట్టల ప్రశ్న. ఒకని యింట మూడువందల కార్డులు, ఒకని యింట మూడైనను లేవు. ధనవంతుడే గెలుచు పోటీ జరుపుట కంటె జరుపకుండుట మేలు. అమ్ముడుపోని విడి కార్డులను సేటుగారు ఇచ్చిరి; పై తరగతులవారు కొన్ని దానమిచ్చిరి; తక్కువైనవానిని దళసరి కాగితముపై మేమే చేతితో తెలుగున వ్రాసితిమి. ఇట్లు నలువదేసి కార్డులుగల సమబలమైన పదునారు కట్టలను సిద్ధపఱచి, ఎవరికేది యనునది చీట్లువేసి పంచితిమి.

రెండవ శనివారము మధ్యాహ్నము అంగడి వెనుక గదిలో, నోటు పుస్తకముల మూటల నడుమ, ఎనిమిది బల్లలు వేసితిమి. పదునార్గురు పిల్లలు వచ్చిరి. వారిలో నలుగురు బాలికలు. అరుగుపై నాట యున్నంతకాలము వారు దూరమునుండి చూచుటయేగాని దగ్గఱకు వచ్చినవారు కారు. ఇద్దఱు చదువు మానిన పిల్లలు. హాస్టలు బాలుడొకడు గుమ్మమువద్ద నిలిచి, "నా తాన కార్డులు లేవు సార్, ఊకెనే సూస్త" అనెను. కట్ట నిచ్చి బల్లయొద్ద కూర్చుండబెట్టితిమి.

ఓడినవానిని వెంటనే యింటికి బంపు పద్ధతిని మేము గైకొనలేదు. ఆ పద్ధతిలో పదునార్గురలో ఎనమండ్రు అఱగంటలోనే వెడలిపోవుదురు. ఎక్కువగా నేర్చుకొనవలసినవారు తక్కువగా నాడుదురు. స్విట్జర్లాండులోని జూరిచ్ నగరమున 1895లో చదరంగపు పోటీకై మొదట వాడబడిన స్విస్ పద్ధతిని గైకొంటిమి. అందఱును అన్ని యావృత్తులు ఆడుదురు. సమాన విజయములు గలవానిని సమాన విజయములు గలవానితో జతపఱుతురు. ఒకసారి యాడిన జతను మరల కలుపరు. ఎనమండ్రకు మూడు, పదునార్గురకు నాలుగు, ముప్పదియిద్దఱకు ఐదు ఆవృత్తులు చాలును. పూర్వావృత్తులు సరిసమము కాకుండునట్లు, గడువు తీఱినపుడు ముందంజలో నున్నవానిదే గెలుపని నియమించితిమి.

నాలుగు ఆవృత్తులు ముగిసిన తరువాత లెక్క చూచితిమి. నాలుగు గెలిచినవా డొకడు, మూడు గెలిచినవారు నలుగురు, రెండు గెలిచినవారు ఆర్గురు, ఒకటి గెలిచినవారు నలుగురు, ఏమియు గెలువనివా డొకడు. ఒకటి, నాలుగు, ఆఱు, నాలుగు, ఒకటి! పై తరగతుల విద్యార్థులు ఈ యంకెలను గుర్తింతురు. మన ఛందశ్శాస్త్రజ్ఞులు మేరుప్రస్తారమనియు, పాశ్చాత్యులు పాస్కల్ త్రిభుజమనియు పిలుచు పట్టికలోని వరుస ఇదియే. నల్లబల్లపై నేను చాలసార్లు వ్రాసిన వరుస, పిల్లలు తమ చేతులతో ఆడి వ్రాసిన దిదియే మొదలు.

నా మనస్సును తాకినది మొదటి బల్ల కాదు, కడపటి బల్ల. మూడును ఓడిన యిద్దఱు పిల్లలు నాలుగవ యావృత్తిలో నొకరికొకరు ఎదురుగా కూర్చుండిరి. వారి యాట సమబలముల యాట; అందఱును ఆ బల్ల చుట్టు మూగిరి. ఓడినవాడు, అనగా నాలుగును ఓడినవాడు, లేచి నాయొద్దకు వచ్చి, "నాలుగో ఆటల ఆ కార్డు తొందరవడి ముందుగాల్నే ఏసిన సార్. ఆపుకుంటే గెలుస్తుంటి" అనెను. తాను ఓడిన కారణమును తానే చెప్పగల విద్యార్థిని నేను తరగతిలో అరుదుగా చూచితిని. తన కాలము, తన యదృష్టము, తన యుపాధ్యాయుడు—వీనిపై తప్పు మోపక, "నేను తొందరపడితిని" అనుట ఎంత పెద్ద చదువు! హాస్టలు బాలుడు రెండు గెలిచి రెండోడెను. చదువు మానిన పిల్లలలో నొకడు వెడలునపుడు, ఓపెన్ స్కూలు ద్వారమున పదవ తరగతి పరీక్ష వ్రాయవచ్చునా యని మెల్లగా నడిగెను. పాఠశాలకు వచ్చి యడుగుటకు వానికి సిగ్గు; అంగడి వెనుక గదిలో ఆ సిగ్గు లేకపోయెను.

అన్నియు బాగుగా జరిగెనని చెప్పినచో అబద్ధమగును. ఒక బల్లయొద్ద చేతిలోని కార్డును దాచెనని తగవు వచ్చినది. దానిని తీర్చుటకు అఱగంట పట్టినది. పోటీ ముగిసి గేటు దాటిన పిదప, పై తరగతి బాలుడొకడు ఐదవ తరగతి పిల్లవానియొద్ద మంచి కార్డును, పనికిరాని నాలుగు మెఱుపు కార్డుల కిప్పించుకొనెను. మఱునాడు ఆ పిల్లవాని తల్లి వచ్చి నన్ను నిలవేసి యడిగినది. ఆమె కోపము న్యాయమైనది. కార్డు తిరిగి యిప్పించితిని గాని, గది లోపలి నియమము గది వెలుపల గూడ కాపాడబడవలెనని ఆమెవలననే నేర్చుకొంటిని. పోకెమాన్ పోటీలలో వయస్సును బట్టి పిల్లలను తరగతులుగా విభజింతురు. పోటీలను నడుపగోరు పెద్దలు పదునెనిమిదేండ్లు నిండినవారై, పరీక్షలో నుత్తీర్ణులు కావలయును. పిల్లల యాటకు పెద్దల పరీక్ష యేలయని మొదట నవ్వుకొంటిని. ఇపుడు నవ్వను.

కావున నా యభిప్రాయము ఇది. సంవత్సరమునకు మూడు పోటీలు చాలును: దసరాకు, సంక్రాంతికి, వేసవి సెలవుల మొదట. ప్రతి పోటీకి ఇద్దఱు ఉపాధ్యాయులు, ఒక తల్లియో తండ్రియో తప్పక యుండవలయును. పాఠశాలకు 360 కార్డులతో నొక యుమ్మడి పెట్టె నేర్పఱుపవలయును. ఎనమండ్రు కూర్చుండి, తలకు నలువదియైదు కార్డుల చొప్పున, ఒక్కొక్కటి యెంచుకొని మిగిలినవి ప్రక్కవానికిచ్చుచు కట్టలు కూర్చుకొందురు. ఆట ముగిసిన తరువాత అన్నియు పెట్టెలోనికే పోవును. కట్ట కూర్చు నేర్పు దక్కును. కొను భారము తప్పును. ఆ పెట్టెలోని కార్డులు మన పిల్లలే గీచి వ్రాసినవైనచో మఱియు మేలు. జూరాల నీటిలోని మొసలియు, నల్లమల యడవిలోని పెద్దపులియు, గద్వాల మగ్గమును, మన పొలముల కందియు వేరుసెనగయు కార్డులపై కెక్కుటకు ఏ లోపము కలదు?

తలిదండ్రులారా, మీ బిడ్డ జేబులో కార్డులు కనబడినపుడు మొదట కొట్టవలదు, కూర్చుండబెట్టి, "దీని యాట యెట్లు?" అని యడుగుడు. వాడు చెప్పగలిగినచో వాడు ఆటగాడు. వానికి వేళ నియమింపుడు. చెప్పలేక "ఇది బంగారుది, గొప్పది" యని మాత్రమే యన్నచో వాడు పొట్లములకు చిక్కినవాడు. వానికి లెక్క నేర్పుడు. విద్యార్థులారా, పందెము వేయకుడు, చిన్నవానిని మోసగింపకుడు, ఓడినపుడు కారణము వెదకుడు. ఈ మూడును పాటించినచో మీ పక్షమున నేను వాదింతును. పాటింపనినాడు ఆ బీరువా తాళపుచెవి నాయొద్దనే యున్నది. అయితే ఈసారి దానిలో పెట్టిన దానిని పోగొట్టను; ఏడవ తరగతి బాలునికి, ఇప్పుడు తొమ్మిదవ తరగతికి వచ్చియున్నాడు, నేను బాకీ పడిన కట్ట ఇంకను తీఱలేదు. ఉమ్మడి పెట్టెకు మొదటి కార్డులను గీయు పని వానికే యప్పగించితిని.